పీవీటీ హైబ్రిడ్ సోలార్ సెట్: నల్లగొండ ఎండకు, బోరు నీళ్లకు ఆగుతుందా?

ఒకే ప్యానెల్‌తో కరెంటూ వేన్నీళ్లూ ఇచ్చే పీవీటీ సెట్లలో, పైన రెండో అద్దం లేని రకం గురించే ఈ రివ్యూ. 400 వాట్ల ప్యానెల్, దాని వెనక రాగి గొట్టాలు పట్టించిన అల్యూమినియం రేకు.

పడిన ఎండలో ఐదో వంతే కరెంటవుతుంది, మిగతాది చాలావరకు వేడి. ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం కరెంటు తగ్గుతుంది. మే మధ్యాహ్నం 70 డిగ్రీలకు పోతే 60 వాట్లకు పైనే గల్లంతు. నీళ్లు తిప్పి 45 దగ్గర ఆపితే ఆ నష్టంలో సగం దాకా తప్పుతుంది.

అమ్మేవాళ్లు ఇక్కడిదాకే చెప్తారు. ట్యాంకు నీళ్లే 45కి చేరాక ప్యానెల్‌ను చల్లబరిచేదేముంది? వేన్నీళ్ల వాడకం లేకపోతే అది మామూలు ప్యానెలే. ఎండాకాలం డాబా మీది నల్ల ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి, వేన్నీళ్లు ఎవరిక్కావాలి? అందుకే నలుగురున్న ఇంటికి ఇది దండగ. మామూలు ప్యానెళ్లు, పక్కన గాజు ట్యూబుల సోలార్ వాటర్ హీటర్ చాలు. పగలంతా గోరువెచ్చటి నీళ్లు లాగే హాస్టళ్లు, పాల కేంద్రాలు, పోచంపల్లి అద్దకం షెడ్లకైతే బాగా పనికొస్తుంది. అక్కడ కూడా 60 డిగ్రీలు ఆశించొద్దు. ముందు 45కి తెచ్చుకుని మిగతాది గీజరుకో బాయిలరుకో వదిలెయ్యాలి.

మన దగ్గర అసలు గండం బోరు నీళ్లు. ఫ్లోరైడ్ సంగతి అటుంచితే, వేడెక్కితే గొట్టంలో సున్నం పొర కడుతుంది. సన్న గొట్టాల్లోకి బోరు నీళ్లు నేరుగా వదలొద్దు. ప్యానెల్ వైపు డిస్టిల్డ్ వాటర్, తుప్పు పట్టకుండా మందు, ట్యాంకులో కాయిల్ ఉన్న క్లోజ్డ్ లూప్ సెట్టే తీసుకోండి. అంటే ప్యానెల్ నీళ్లు విడిగా తిరుగుతూ, కాయిల్ ద్వారా ట్యాంకు నీళ్లకు వేడి మాత్రమే ఇస్తాయి. వేడికి ఉబ్బే నీళ్లకు ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, ఒత్తిడి పెరిగితే వదిలే 3 బార్ రిలీఫ్ వాల్వు, అన్నిటికన్నా ఎత్తున గాలి పోయే ఎయిర్ వెంటు తప్పనిసరి. వెంటు లేకపోతే గాలి అడ్డుపడి పంపు ఉత్తినే తిరుగుతుంది.

కంట్రోలరు ప్యానెల్‌కూ ట్యాంకు అడుగుకూ 7 డిగ్రీల తేడా ఉంటే పంపు వేసి, 3కి దిగితే ఆపేలా పెట్టించండి. సెన్సరు రేకుకు గట్టిగా ఆనాలి. వదులైతే పంపు లేవదు. నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్‌రిటర్న్ వాల్వు మరిచిపోతే రాత్రి ట్యాంకు వేడి ప్యానెల్ మీదుగా ఆకాశానికి పోతుంది. ఏప్రిల్, మేల్లో మాత్రం కావాలనే రాత్రి పంపు వేసి ట్యాంకు చల్లార్చుకోవచ్చు. పొద్దున్నుంచి ప్యానెల్‌కు మళ్లీ చల్లటి నీళ్లు దొరుకుతాయి.

ఫిట్టింగ్ అయ్యాక మిట్టమధ్యాహ్నం ఒకసారి చూడండి. ట్యాంకు నీళ్లు ఇంకా చల్లగానే ఉండి, గొట్టాల్లో నీళ్లు తిరుగుతున్నా ప్యానెల్ కాలుతూ, దాన్నుంచి తిరిగొచ్చే పైపు చల్లగా ఉంటే రేకు ప్యానెల్ వెనక షీటుకు సరిగా అంటలేదన్నమాట. బిల్లు కట్టకముందే అతికించుకోవాలి.

ఇంటికైతే పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. అది కరెంటు భాగానికే, అదీ సెల్స్ దేశంలో తయారైనవైతేనే. ఉన్న ప్యానెల్ వెనక రేకు తగిలిస్తామంటే మాత్రం పాత వారంటీ ఉంటుందో లేదో రాతలో అడగండి.