బోస్నియా పద్ధతా, నేపాల్ పద్ధతా? యుద్ధం ఆగాక బయటివాళ్ల సాయం ఎంతవరకు మేలు

యుద్ధం ఆగిన దేశంలో బయటివాళ్లు ఎంతవరకు కల్పించుకోవాలి అని వాదన వస్తే నాకు ముందు గుర్తొచ్చేవి ఈ రెండే. బోస్నియాలో బయటివాళ్లు పెత్తనం చేతిలోకి తీసుకున్నారు, నేపాల్‌లో సాక్షుల్లా ఉండి నాలుగేళ్లకి వెళ్లిపోయారు.

బోస్నియాలో 1992 నుంచి 95 దాకా బోస్నియాక్ (ముస్లిం), సెర్బ్, క్రొయేట్ వర్గాల మధ్య జరిగిన యుద్ధంలో సుమారు లక్ష మంది చనిపోయారు, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునే పరిస్థితే లేదు. అమెరికాలోని డేటన్‌లో ఒక ఎయిర్‌బేస్‌లో నాయకుల్ని కూర్చోబెట్టి ఒప్పందం చేయించారు, దేశ రాజ్యాంగం కూడా ఆ ఒప్పందంలో నాలుగో అనుబంధంగానే వచ్చింది. నాటో తరఫున దాదాపు 60 వేల మంది సైనికులు దిగారు. అది తప్పు అని నేననను, అంత సైన్యం లేకపోతే కాల్పులు ఆగేవి కావు.

తర్వాత హై రిప్రజెంటేటివ్ అనే పదవికి, అంటే ఒప్పందం అమలు చూడ్డానికి బయటి దేశాలు పెట్టిన ప్రతినిధికి, 1997లో జర్మనీలోని బాన్ సమావేశంలో భారీ అధికారాలొచ్చాయి, చట్టం తనే పెట్టొచ్చు, ఎన్నికైనవాళ్లని కూడా తీసెయ్యొచ్చు. దీనివల్ల మంచి జరగలేదా అంటే జరిగింది. కారు నంబర్ ప్లేట్ చూస్తే బండి ఏ వర్గంవాళ్ల ఏరియాదో తెలిసిపోయేది, అవతలి వైపు వెళ్లాలంటే జనానికి భయం. 1998లో అక్కడ వాడే రెండు లిపులు లాటిన్‌లో, సిరిలిక్‌లో ఒకేలా కనిపించే అక్షరాలు మాత్రమే వాడి, ఊరి గుర్తు లేకుండా కొత్త ప్లేట్లు పెట్టించారు, దాంతో జనం అటూ ఇటూ తిరగడం మొదలైంది. స్థానిక నాయకులకి వదిలేస్తే ఆ పని ఎప్పటికి అయ్యేదో!

కానీ 2004లో అప్పటి హై రిప్రజెంటేటివ్ పాడీ ఆష్‌డౌన్ ఒక్కరోజులో 59 మంది సెర్బ్ నాయకుల్ని, అధికారుల్ని పదవుల్లోంచి తీసేశాడు. ఇలా అలవాటైతే నాయకులకి రాజీ పడాల్సిన అవసరం ఏముంటుంది, కష్టమైన నిర్ణయం ఆయనే తీసుకుంటాడు, వీళ్లు ఆయన్ని తిట్టి ఓట్లు అడుక్కుంటారు. డేటన్‌కి 30 ఏళ్లు నిండేసరికి కూడా ఆ ఆఫీసు నడుస్తూనే ఉంది. ముగ్గురు సభ్యుల అధ్యక్ష పీఠంలో బోస్నియాక్, క్రొయేట్, సెర్బ్ తప్ప వేరేవాళ్లు నిలబడకూడదన్న రూల్ తప్పని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2009లోనే చెప్పింది, అదీ మారలేదు.

నేపాల్‌లో పదేళ్ల మావోయిస్టు యుద్ధం 2006 నవంబర్‌లో శాంతి ఒప్పందంతో ముగిసింది. 2007 జనవరిలో ఐక్యరాజ్యసమితి మిషన్ వచ్చింది, ఆయుధాల పర్యవేక్షకులు 200 మంది లోపే, వాళ్ల దగ్గర తుపాకులు కూడా లేవు. మావోయిస్టుల తుపాకులు శిబిరాల్లో కంటైనర్లలో పెట్టి తాళం వేశారు, తాళంచెవి మాత్రం మావోయిస్టుల దగ్గరే, తలుపు తీస్తే మోగేలా సైరన్, చూడ్డానికి కెమెరాలు. సైన్యం కూడా అన్నే ఆయుధాలు లోపల పెట్టాలి. 2004లో హైదరాబాద్‌లో నక్సలైట్లతో చర్చలు ఆయుధాల విషయం దగ్గర ఎంత చిక్కుపడ్డాయో చూసినవాళ్లకి ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది, ఎవరి పరువూ పోలేదు. 2008 ఏప్రిల్‌లో ఎన్నికలు, మే 28న రాచరికం రద్దు, 2011 జనవరిలో మిషన్ వెళ్లిపోయింది.

తర్వాత అంతా సాఫీగా ఏం జరగలేదు. మొదటి రాజ్యాంగ సభ 2012లో రాజ్యాంగం రాయకుండానే రద్దైపోయింది, 2015లో రాజ్యాంగం వచ్చే ముందు, వచ్చాక కూడా దక్షిణ మైదానాల్లో ఉండే మధేసీలు రోడ్డెక్కారు, మనుషులు చనిపోయారు. కానీ గొడవ పడ్డదీ నేపాలీలే, సర్దుకున్నదీ నేపాలీలే, పాత గెరిల్లాల్లో దాదాపు 1,400 మంది సైన్యంలో చేరారు కూడా.

నా ఓటు నేపాల్ పద్ధతికే. ఐతే అక్కడ రెండు పక్షాలూ యుద్ధంతో అలసిపోయి ముందే మాట్లాడుకున్నాయి, బోస్నియాలో ఆ అవకాశమే లేదు, అందుకే మొదటి కొన్నేళ్లు సైన్యం, గట్టి పెత్తనం అక్కడ కావాల్సిందే. రాజకీయ నిర్ణయాలు మాత్రం తొందరగా స్థానిక నాయకుల చేతిలో పెట్టెయ్యాలి, తేదీ ముందే చెప్పి మరీ.

నేపాల్ పద్ధతిలో నన్ను బాధపెట్టేది ఒక్కటే, బాధితులు. మాయమైనవాళ్ల కోసం కుటుంబాలు ఎదురుచూస్తుంటే సత్యాన్వేషణ కమిషన్ 2015లో గానీ వెయ్యలేదు, దాని చట్టాన్ని 2024లో మళ్లీ సవరించారు. నిందితులు రెండు వైపులా ఉన్నారు కాబట్టి అక్కడి పార్టీలు తమంతట తాము ఈ పని తొందరగా చెయ్యవు, బయటి ఒత్తిడి, డబ్బు, ఎముకల్ని గుర్తుపట్టే నిపుణులు ఇంకా కావాల్సింది ఇక్కడే.