పగిలిన మినీబైక్ ఫ్రేమ్ వెల్డింగ్‌కు 0.8 మి.మీ. ఫ్లక్స్ కోర్ వైరు ఎలా ఉంది?

లోపల ఫ్లక్స్ పొడి నిండి ఉండటంతో గ్యాస్ సిలిండర్ అక్కర్లేని ఈ ఇ71టీ-11 రకం వైరు 2 మి.మీ. మందమున్న మైల్డ్ స్టీల్ పైపుకు చక్కగా సరిపోతుంది. నిప్పురవ్వలు మరీ ఎక్కువగా ఎగురుతున్నాయంటే తప్పు సాధారణంగా వైరుది కాదు, పొలారిటీది: టార్చ్ నెగటివ్‌కు, ఎర్త్ క్లాంప్ పాజిటివ్‌కు ఉండాలి. గ్యాస్‌తో చేసే మిగ్ వెల్డింగ్‌కు ఇది సరిగ్గా తిరగేసి.

అతుకుకు రెండు వైపులా అంగుళం మేర పెయింటు, తుప్పు గ్రైండ్ చేయకపోతే లోపల బుడగలు ఖాయం. పగులు కొసన 3 మి.మీ. రంధ్రం వేసి, పగులు వెంట వి ఆకారంలో గాడి తీయాలి. పైపు పూర్తిగా తెగితే లోపల బిగుతైన స్లీవ్ (చిన్న పైపు ముక్క) దూర్చాలి. ముందు నాలుగు వైపులా టాక్‌లు (కదలకుండా పట్టి ఉంచే చుక్క అతుకులు), ఆపై ఎదురెదురుగా చిన్న చిన్న అతుకులు. లేదంటే ఫ్రేమ్ వంకరపోతుంది. నీళ్లు పోసి చల్లార్చకండి.

అతుకుపై గట్టిపడే పెచ్చు, అంటే స్లాగ్, చెక్కడమే విసుగు. 1 మి.మీ. రేకుకు మాత్రం వద్దు, చిల్లు పడుతుంది.