మేడ మీద ‘హీట్ ప్రూఫ్’ కోటింగ్ వేయిస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నల్లగొండలో పాత స్లాబ్ ఇళ్లు ఉన్నవాళ్ల కోసం రాస్తున్నా. మేం పోగొట్టుకున్నది 34,200 రూపాయలు.

మాది నాన్న కట్టించిన ముప్పై ఐదేళ్ల ఇల్లు. మే నెలలో రాత్రి పదకొండైనా సెగ దిగదు, ఫ్యాన్ వేస్తే పైనున్న వేడంతా మంచం మీదికే వస్తుంది. పైగా చెక్క కిటికీల సందుల్లోంచి వడగాలి. ఏప్రిల్‌లో ఒకాయన వచ్చి, "కోటింగ్ వేస్తే ఎనిమిది డిగ్రీలు తగ్గుతది సార్, పదేళ్ల గ్యారంటీ" అన్నాడు. అడుగుకు 38 చొప్పున 900 అడుగులకు ఒప్పుకున్నాం. గ్యారంటీ నోటి మాటే, కాగితం లేదు.

మేం పడిపోయింది టెంపరేచర్ గన్ దగ్గర. మా స్లాబ్ మీద పెడితే 58 చూపించింది, ఆయన తెచ్చిన తెల్ల పలక మీద 36. నోరెళ్లబెట్టాం. ఆ పలక అప్పటిదాకా ఆయన బ్యాగులోనే ఉందన్న సంగతి మాకు తట్టనే లేదు!

పనివాళ్లు నాచు గీకలేదు, పగుళ్లు పూడ్చలేదు, చీపురుతో ఊడ్చి మొదలుపెట్టారు. నాలుగు డబ్బాలు అన్నవాడు రెండే తెచ్చాడు. అవీ మూతలు ముందే తీసినవి. బకెట్లో నీళ్లు కలిపి ఒక్క చేయి వేసి వెళ్లిపోయారు. జూన్‌లో మొదటి వానకే గొట్టంలోంచి పాలలాంటి నీళ్లు కారాయి. వారం తిరక్కుండా హాల్లో చెమ్మ. ఫోన్ చేస్తే "అది వాటర్ ప్రూఫింగ్ సార్, దానికి వేరే రేటు" అన్నాడు, తర్వాత ఎత్తడమే మానేశాడు.

కూల్ పెయింట్ మోసమని నేను అనడం లేదు. తెల్లటి పూత ఎండను తిప్పికొట్టడం నిజమే, 2023లో మన రాష్ట్రం కూల్ రూఫ్ విధానం కూడా తెచ్చింది. కానీ డబ్బా మీద కంపెనీ పేరు, ఎస్‌ఆర్‌ఐ అంకె (ఎండలో పూత ఎంత చల్లగా ఉంటుందో చెప్పే కొలత, ఎక్కువుంటే మంచిది) చూడండి. ప్రామాణిక నలుపుకు 0, తెలుపుకు 100 లెక్క. సీలు మీ ముందే తీయించండి. పగుళ్ల పని ముందు, పూత తర్వాత. సగం డబ్బు రెండో కోటు ఆరాకే ఇవ్వండి. దుమ్ము పడితే పూత పనితనం తగ్గుతుంది, అప్పుడప్పుడూ కడగాల్సిందే.

కిటికీల సందులకు మాత్రం వడ్రంగి ఒక్క పూటలో రబ్బరు బీడింగ్ వేశాడు, వడగాలి ఆగింది. ముందు చేయించాల్సింది అదే.

ఆయన పేరు రాయను. ఎవరైనా గన్, పలక పట్టుకుని మీ మేడ ఎక్కితే, ముందు ఆ పలకను గంటసేపు ఎండలో పెట్టించి, అప్పుడు కొలవమనండి.