నాలుగు శరత్తులు, ఒక బైనాక్యులర్

నాలుగేళ్ల కిందట బతుకమ్మ పండుగ ముందు 10×50 బైనాక్యులర్ కొన్నాను. పది రెట్లు దగ్గర చేసి చూపిస్తుంది, ముందు అద్దాల వ్యాసం 50 మిల్లీమీటర్లు. అప్పుడు 7 వేల రూపాయలైంది. చుక్కలు చూడాలని టెలిస్కోపు ధరలు వెతుకుతున్న ప్రతి ఒక్కరికీ ముందు దీన్నే కొనమని చెబుతున్నాను.

హనుమకొండలో మా డాబా మీద మొదటి వారం నిరాశే మిగిలింది. అసలు ఆకాశం ములుగు దారిలో ఉన్న మా అమ్మమ్మ ఊళ్లో, చెరువు కట్ట మీద కనిపించింది. ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య నాడే వస్తుంది కనుక ఆ రాత్రి వెన్నెల ఉండదు. ఆట ముగిసి అందరూ ఇళ్లకు వెళ్లాక ఫోను జేబులో పెట్టేసి అరగంట చీకట్లో కూర్చున్నాను. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అంతసేపు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను తెర చూసినా మళ్లీ మొదటికే వస్తుంది.

పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర అని పంచాంగంలో వింటాం కదా, వాటి చుక్కలు రెండేసి కలిస్తే మంచం నాలుగు కోళ్లలా పెద్ద చతురస్రం ఏర్పడుతుంది. వరంగల్ అక్షాంశం 18 డిగ్రీలు. అందుకే ఆ మంచం మనకు సరిగ్గా నడినెత్తి మీదుగా సాగిపోతుంది. ఉత్తరాభాద్రలో ఉత్తరపు చుక్క నుంచి ఈశాన్యంగా రెండు చుక్కలు దాటాలి. రెండో చుక్క దగ్గర వాయవ్యానికి మళ్లి ఇంకో రెండు చిన్న చుక్కలు ఎక్కితే, ఆ పక్కనే ఆండ్రోమెడా గెలాక్సీ, అంటే మన పాలపుంత లాంటిదే ఇంకో పెద్ద చుక్కల గుంపు. వేలితో విబూది రాసినంత మసక. సూటిగా చూస్తే మాయమవుతుంది, చూపు కొంచెం పక్కకు తిప్పితే విచ్చుకుంటుంది. ఫోటోల్లోని సుడులు కనిపించవు. అయినా 25 లక్షల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు నా కంట్లో పడుతోందని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కార్తీకంలో అమ్మమ్మకు కృత్తికలను చూపించాను. ఆమె వాటిని పిల్లలకోడి అంటుంది. మామూలు కంటికి ఆరే చుక్కలు, ఇందులో పదుల కొద్దీ. చాలాసేపు కళ్లు తీయకుండా చూసి, “ఇన్ని పిల్లలున్నాయా బిడ్డా!” అంది.

ఇక లోపాలు. బరువు 800 గ్రాములు, ఐదు నిమిషాలకే చేతులు వణికి చుక్కలు ఊగుతాయి. నడినెత్తిన చూడటానికి ట్రైపాడ్ పనికిరాదు. నులక మంచం మీద వెల్లకిలా పడుకుని మోచేతులు ఛాతీకి ఆనిస్తే చక్కగా నిలుస్తుంది. నవంబరులో రాత్రి పది దాటితే అద్దాల మీద మంచు పడుతుంది. దాన్ని తుడవకుండా తువ్వాలు కింద పెట్టి ఆరనిస్తాను. రెండో వానాకాలంలో లోపలి అద్దానికి సాలెపోగులాంటి బూజు పట్టింది. బాగు చేసిన దుకాణంలో అద్దాలు సరిగ్గా కూర్చలేదు. ఒక్కో చుక్క రెండుగా కనిపించింది. మళ్లీ ఇస్తే గానీ కుదరలేదు. అప్పటి నుంచి గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో దాస్తున్నాను.

గురుగ్రహం చుట్టూ నాలుగు చందమామలు కనిపిస్తాయి, శని వలయాలు మాత్రం కనిపించవు. కొనేటప్పుడు దూరంగా ఉన్న ఒక దీపాన్ని చూడండి. రెండు కళ్లకూ అది ఒకటిగా కలవకపోతే వదిలేయండి. ఇంకా పెద్దగా చూపిస్తుందని 20×50 అంటగడతారు, తీసుకోకండి. అది చేతిలో అస్సలు నిలవదు.