సీస్టార్ ఎస్50: మన పెరట్లో గెలాక్సీల వేటకు ఎంతవరకు పనికొస్తుంది?

సీస్టార్ ఎస్50 ఒక చిన్న స్మార్ట్ టెలిస్కోపు. రెండున్నర కిలోల బరువు, 50 మిల్లీమీటర్ల లెన్సు, 250 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (లెన్సు నుంచి బొమ్మ పడే చోటికి దూరం). టెలిస్కోపు, కెమెరా, దాన్ని తిప్పే మౌంటు అన్నీ ఒకే పెట్టెలో. యాప్‌లో గెలాక్సీ పేరు నొక్కితే తనే వెతికి, ఫోకస్ చేసుకుని, 10 సెకన్ల ఫొటోలను ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది. ఈ పని చక్కగా చేస్తుంది.

అసలు చిక్కు సైజుతోనే. ఒక్కో పిక్సెల్‌కు ఆకాశంలో 2.4 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) పడతాయి, కాబట్టి ఎం51 అనే సుడి గెలాక్సీ పొడవు సుమారు 280 పిక్సెళ్లే. సుడి చేతులు, పక్కనున్న చిన్న గెలాక్సీ తెలుస్తాయి. సన్నటి ధూళి చారలు ఆశించకండి. ఆండ్రోమెడాది ఎదురు సమస్య. ఆ గెలాక్సీ 3 డిగ్రీలు, ఫ్రేము (ఒక ఫొటోలో పట్టే ఆకాశం) పొడవు 1.3 డిగ్రీలు. పక్కపక్క ఫ్రేముల్ని అతికించే మొజాయిక్ మోడ్ తప్పదు. సింహరాశిలోని ఎం65, ఎం66, ఎన్‌జీసీ 3628 గెలాక్సీలు మాత్రం మూడూ ఒకే ఫ్రేములో కుదురుతాయి.

అయితే హైదరాబాద్‌లో ఆ మూడూ దాదాపు నడినెత్తి మీదుగా వెళ్తాయి. మామూలు ఆల్ట్-అజిమత్ మోడ్‌లో (పైకీ కిందికీ, పక్కలకూ తిరిగే పద్ధతి) అక్కడ ఫ్రేము వేగంగా తిరుగుతుంది, నక్షత్రాలు సాగుతాయి, యాప్ ఫొటోల్ని వరసగా పారేస్తుంది. 75 డిగ్రీల ఎత్తు దాటకముందే ఆపి, పడమటికి దిగాక మళ్లీ మొదలుపెట్టండి. లేదా ఈక్యూ మోడ్‌కు మారండి, అంటే పరికరాన్ని వాల్చి దాని ఇరుసును ధ్రువనక్షత్రం వైపు తిప్పడం. మన దగ్గర ధ్రువనక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కనుక ఈక్యూలో పరికరం దాదాపు పడుకుంటుంది, బరువంతా ఉత్తరానికి వాలుతుంది. పెట్టెలో వచ్చే చిన్న ట్రైపాడ్ దీన్ని ఆపలేదు. బరువైన ట్రైపాడ్, గట్టి వెడ్జ్ (పరికరాన్ని వాల్చి పట్టుకునే పలక) తీసుకుని, ట్రైపాడ్ కాలు ఒకటి సరిగ్గా ఉత్తరానికి పెట్టండి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

వీధిలైట్ల వెలుగు తగ్గిస్తుందని ఎల్‌పీ ఫిల్టర్ పెట్టేస్తుంటారు. అది హైడ్రోజన్, ఆక్సిజన్ రంగుల్నే వదులుతుంది. గెలాక్సీది నక్షత్రాల వెలుగు, అన్ని రంగుల్లోనూ ఉంటుంది. ఫిల్టర్ పెడితే పోయేది గెలాక్సీయే. ఎం82 గెలాక్సీలోని ఎర్రటి హైడ్రోజన్ పాయలకు తప్ప దాన్ని ఆపేయండి.

సెన్సర్‌కు కూలింగ్ లేదు. మన గెలాక్సీల కాలం మార్చి నుంచి మే వరకు, రాత్రిళ్లు కూడా వేడే, ఫొటోలో నాయిస్ (చుక్కచుక్కల గరుకుదనం) పెరుగుతుంది. దానికి విరుగుడు ఎక్కువ గంటలు తీయడమే. విడి ఫ్రేములు సేవ్ చేసే ఆప్షన్ మొదటిరోజే ఆన్ చేయండి: 10 సెకన్లవైతే గంటకు ఒకటిన్నర జీబీ అవుతుంది, 64 జీబీ మెమరీకి ఇబ్బంది లేదు. వాటిని ఉచితంగా దొరికే సిరిల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో పేర్చి చూస్తే, యాప్ ఇచ్చే జేపెగ్‌లో కనబడని గెలాక్సీ అంచులు బయటపడతాయి.