కార్డులు ముచ్చటైనవే, వాటి వయసే అబద్ధం

పశ్చిమ ఐరోపాలోని ప్రాచీన కెల్టు జాతుల పూజారి-పండితులైన డ్రూయిడ్ల వృక్ష జ్యోతిషం అన్న మాట చూసి కొన్న ఈ కార్డుల పెట్టెను రెండు వారాలు దగ్గర పెట్టుకుని, దానితో వచ్చిన చిన్న పుస్తకాన్ని రెండుసార్లు చదివాను. కార్డుల పనితనానికి వంక పెట్టలేను. దళసరి కాగితం మీద చేత్తో గీసినట్లున్న ఆకులు, వాటి పక్కన ఓఘం అనే పాత ఐరిష్ లిపి అక్షరాలు ఉన్నాయి. భూర్జవృక్షానికి నిలువు గీత కుడిపక్కన ఒక గీటు, రోవన్ చెట్టుకు రెండు గీట్లు సరిగ్గానే వేశారు.

చిక్కంతా పుస్తకంతోనే. ఏడాదిని 28 రోజుల చొప్పున 13 చెట్ల నెలలుగా విడగొట్టి, డిసెంబరు 24న భూర్జంతో మొదలుపెట్టే ఈ పంచాంగం డ్రూయిడ్ల నుంచి పరంపరగా వచ్చిందని మొదటి పేజీలోనే రాశారు. నిజానికి దీన్ని ఈ రూపంలో కూర్చినవాడు ఆంగ్ల కవి రాబర్ట్ గ్రేవ్స్. అది అచ్చయింది 1948లో. కెల్టుల అసలు కాలగణన తెలియాలంటే 1897లో ఫ్రాన్స్‌లోని కొలిన్యీలో దొరికిన కంచు ఫలకాన్ని చూడాలి. అందులో నెలకు 29 లేదా 30 రోజులు, ఏడాదికి 12 నెలలు, ఐదేళ్లలో రెండు అధికమాసాలు.

ఓఘం సంగతీ అంతే. ఐర్లండ్, వేల్స్‌లలో రాళ్ల అంచున చెక్కిన ఆ పాత శాసనాల్లో కనిపించేవి ఎక్కువగా ఫలానావాడి కొడుకు ఫలానావాడు అనే పేర్లే తప్ప జాతకాలు కావు. అక్షరానికో చెట్టు అన్న జాబితా మధ్యయుగపు ఐరిష్ పండితుల రాతప్రతుల్లోనిది. డ్రూయిడ్లలో కొందరు 20 ఏళ్లు చదివేవారన్న రోమన్ సేనాని సీజర్ మాటను పుస్తకం గర్వంగా ఉదహరించింది కానీ, తమ బోధను రాతలో పెట్టడం తప్పని వారు భావించేవారని ఆయన అక్కడే రాసిన మాటను మాత్రం వదిలేసింది!

పండుగల అధ్యాయం కొంత నయం. సౌవిన్ (చలికాలపు ఆరంభం), బెల్టెన్ (వేసవి ఆరంభం) వంటి నాలుగు పండుగలు పాత ఐరిష్ సాహిత్యంలో ఉన్నవే. వాటికి అయనాలు మొదలయ్యే రోజులు, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తులు కలిపి ఎనిమిది పండుగల చక్రంగా స్థిరపరచింది మాత్రం 20వ శతాబ్దపు మధ్యకాలంలో క్రైస్తవానికి ముందరి మతాలను తిరిగి నిలబెట్టాలనుకున్న బ్రిటన్‌లోని నవీన పేగన్లు. ఈ కొత్తదనాన్ని దాచకుండా చెప్పుకునే ఆధునిక డ్రూయిడ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, అందుకు వారి ఆచరణకు వచ్చిన లోటేమీ లేదు.

అమ్మకందారుకు ఇదంతా రాస్తే, మౌఖిక సంప్రదాయానికి ఆధారాలు ఉండవని జవాబు వచ్చింది. అచ్చయిన సంవత్సరం తెలిసిన పంచాంగం మౌఖికం ఎలా అయిందో చెప్పలేదు. బొమ్మలకు నాలుగు నక్షత్రాలు, పుస్తకానికి ఒకటి.