తెల్లదా, నారింజదా, ఊదాదా: ఏ చిలగడదుంప మేలు?

శివరాత్రి దగ్గరపడితే చాలు, ఇదే ప్రశ్న: ఎర్రతోలు గడ్డ కొనాలా, తెల్లతోలుదా, సూపర్‌మార్కెట్లో కనిపించే నారింజదా? తోలు చూసి తేల్చుకోవడం దండగ. గుజ్జులో పిండి ఎంత, నీరు ఎంత అన్నదే చూడాలి. తెల్లగుజ్జు గడ్డలో నీరు పోగా మిగిలేది సాధారణంగా నూటికి 30 పాళ్ల దాకా ఉంటుంది, నారింజ రకాల్లో 20–25 పాళ్లే. అందుకే ఉడికాక మొదటిది పొడిపొడిగా విరుగుతుంది, రెండోది ముద్దయిపోతుంది.

వేపుడుకీ, బజ్జీకీ, బూరెల్లో పూర్ణానికీ నా ఓటు తెల్లగుజ్జుకే. నారింజ గడ్డ బజ్జీ నూనెలోంచి తీసిన కాసేపటికే మెత్తబడుతుంది. పూర్ణమైతే బెల్లం పడగానే జారుగా అయిపోతుంది, ఉండ కట్టదు. నారింజ గడ్డ బలమంతా బీటా కెరోటిన్‌లో, అంటే ఒంట్లో విటమిన్ ఎ గా మారే రంగు పదార్థంలో ఉంది. తిరువనంతపురంలోని దుంప పంటల పరిశోధన సంస్థ ఇచ్చిన నారింజ రకం భూసోనాలో 100 గ్రాములకు 14 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. తెల్లవాటిలో అది దాదాపు లేనట్టే. పసిపిల్లలకు మెదిపి, చెంచాడు నెయ్యి కలిపి పెట్టడానికి నారింజదే మేలు. నెయ్యి లేకపోతే ఆ కెరోటిన్ ఒంటికి సరిగా పట్టదు. ఊదా గుజ్జు భూకృష్ణ రకాన్ని రంగు కోసం కొనుక్కోవచ్చు, వంటసోడా మాత్రం తగలనివ్వకండి, నీలిపచ్చగా మారుతుంది.

ఏ రకమైనా తీపి వండే తీరును బట్టే. గడ్డలోని ఎంజైము పిండిని మాల్టోజు చక్కెరగా మార్చేది సుమారు 60–75 డిగ్రీల మధ్య. కుక్కర్లో ఆ వేడి చటుక్కున దాటిపోతుంది, గడ్డ చప్పగా మిగులుతుంది. మందపాటి గిన్నెలో అడుగున గ్లాసుడు నీళ్లు పోసి, గడ్డలు కోయకుండా పేర్చి, మూతపెట్టి సన్నసెగ మీద 40 నిమిషాలు ఉంచండి. అప్పుడే తవ్వినవాటికన్నా వారం పదిరోజులు నీడన ఉన్నవి తియ్యగా ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు: 12 డిగ్రీల లోపు చలిలో రోజుల తరబడి ఉంటే నడిమి భాగం ఎంత ఉడికించినా గట్టిగానే ఉంటుంది. తోలు మీద సన్నటి నల్లరంధ్రాలుంటే ముక్కుపురుగు పట్టినట్టే. ఆ చోటు కోసేసినా చేదు పోదు, కొనకండి.

కంద, పెండలం చిలగడదుంప బదులు పనికిరావు. తెలంగాణలో కందగడ్డ అన్నా, సీమలో గెణుసుగడ్డ అన్నా చిలగడదుంపే, తూటికాడ జాతి తీగ. కోస్తా వాళ్ల కంద చేమకు చుట్టం, పెండలం వేరే కుటుంబం. రెండింటికీ ఉడికితే తీపి రాదు, పచ్చిగా తినకూడదు. కందలో సూదుల్లాంటి ఆక్సలేటు స్ఫటికాల వల్లే దురద. చేతులకు నూనె రాసుకుని కోసి, చింతపండు పులుసుతో ఉడికించాలి. కొవ్వూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన గజేంద్ర రకానికి దురద తక్కువ, కందబచ్చలికి అదే వెతకండి.

అమెరికా దుకాణాల్లో 'యామ్' అని రాసి ఉన్నది చాలావరకు నారింజ చిలగడదుంపే. మన ఎర్రతోలు గడ్డకు దగ్గరగా ఉండేది మురసాకి, తోలు ఊదా, గుజ్జు తెలుపు. కంద కావాలంటే మాత్రం ఇండియన్ స్టోర్ ఫ్రీజర్లో 'సూరన్' పేరుతో వెతకాలి.